బండి పాడుచేసింది ఆంధ్రలోనే అయినా కేసు రాయగడలో వేసుకోవచ్చు

సంపాదకుల వారికి నమస్కారం.

మాది రాయగడ. మీ పేపరు రోజూ చదివే ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లలో నేనొకణ్ని. సర్వీసింగుకి ఇచ్చిన కారుని పాడుచేసి, అడగడానికి వెళ్తే "మీది ఒడిశా కదా సార్, కేసు వేయాలంటే ఇక్కడికొచ్చి వేసుకోవాలి మరి" అని పంపించేస్తున్న సర్వీస్ సెంటర్ల గురించి ఈ ఉత్తరం. నా ఒక్కడి గోడు అయితే ఇంత పొడుగు రాసేవాణ్ని కాదు. గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం, ఎక్కడ అడిగినా ఈ మాట పడ్డవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారు. పడి, ఇంకో రాష్ట్రం కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారులే అనుకుని, సొంత డబ్బు పెట్టి బాగుచేయించుకుని ఊరుకున్నారు. ఆ మాట తప్పు. చట్టం మారి ఏళ్లు గడిచాయి. ఈ సంగతి మావాళ్లకి తెలియదు కాబట్టే సర్వీస్ సెంటర్లవాళ్లు అంత ధీమాగా అనగలుగుతున్నారు.

అసలు మేము సర్వీసింగుకి అటెందుకు వెళ్తామని కొందరికి అనిపించొచ్చు. ఎందుకంటే మాకు పార్వతీపురం, విజయనగరం, విశాఖ వెళ్లే పని ఎప్పుడూ ఉంటుంది. ఆసుపత్రి, పెళ్లి బట్టలు, పిల్లల చదువులు, చుట్టాలు, అన్నీ అటే. ఎలాగూ వెళ్తున్నాం కదా అని పొద్దున్న బండి సర్వీస్ సెంటర్‌లో పెట్టి, పనులు చూసుకుని, సాయంత్రం తీసుకుని వచ్చేస్తాం. పైగా అక్కడ మన భాషలో చెప్పుకోవచ్చు, బండిలో ఎక్కడ ఏ చప్పుడు వస్తోందో తెలుగులో చెప్తే ఎదుటివాడికి అర్థమవుతుంది. మా రాయగడ జిల్లా ఓడీ-18 నంబరు ప్లేట్లున్న బళ్లు వాళ్ల షెడ్ల నిండా ఉంటాయి, అంటే మా డబ్బు వాళ్లకి కావాలి, గొడవ వచ్చినప్పుడు మాత్రం మేము పరాయి రాష్ట్రం వాళ్లం.

జరిగింది చెప్తాను. విజయనగరంలో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో (పేరు రాయను, విషయం వినియోగదారుల కమిషన్ ముందు ఉంది) మామూలు పీరియాడిక్ సర్వీసుకి ఇచ్చాను. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు శుభ్రం చేయడం, వాషింగ్, అంతే. సాయంత్రం బండి తళతళలాడుతూ వచ్చింది, బిల్లు కట్టి కొమరాడ, కూనేరు మీదుగా ఇంటికి వచ్చేశాం. తెల్లారి పోర్టికోలో సిమెంటు గచ్చు మీద ఇంజన్ కింద నల్లగా ఆయిల్ మరక, దాని పక్కనే ఇంకో మరక. గేజీ తీసి చూస్తే ముందు రోజే నిండా పోసిన కొత్త ఆయిలు కింది గీత కంటే దిగిపోయి ఉంది. నా చిన్న కారుకి పట్టేదే మూడున్నర లీటర్లు. అందులో ఎంత దారిపొడవునా కారిపోయి వచ్చామో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది, ఎందుకంటే వెనక సీట్లో మా అమ్మ, పిల్లలు ఉన్నారు.

మా వీధి చివర చాలా కాలంగా షెడ్డు నడుపుతున్న మేస్త్రీ ఉన్నాడు. బండిని స్టార్ట్ చెయ్యకుండా నెట్టించుకుని తీసుకెళ్లి, గోతి మీద పెట్టి కిందకి దిగాడు. నన్ను కూడా దిగమన్నాడు. టార్చి వేసి చూపించాడు, ఆయిల్ చాంబర్ అడుగున, పాత ఆయిలు దింపడానికి విప్పే డ్రెయిన్ బోల్టు చుట్టూ బూడిదరంగు గాస్కెట్ పేస్టు దట్టంగా పూసి ఉంది. సరిగ్గా బిగించిన బోల్టుకి ఆ పేస్టుతో పనే లేదు, ఒక వాషర్ ఉంటుంది, ఆయిల్ మార్చినప్పుడల్లా ఆ వాషర్ కొత్తది వేయాలి, అంతే. మేస్త్రీ గోరుతో పేస్టు గీకి, పానా కూడా పెట్టకుండా ఉత్త వేళ్లతో తిప్పితే బోల్టు ఊడి వచ్చేసింది. "బాబూ, ఇది బిగించింది కాదు, అతికించింది" అన్నాడు. బోల్టు గాడుల్లో సన్నటి అల్యూమినియం తీగ మెలికలు తిరిగి ఇరుక్కుని ఉంది. ఆ తీగ ఎక్కడిదంటే చాంబర్ లోపల ఉండాల్సిన మరలది. బోల్టు ఉక్కు, చాంబర్ మెత్తటి అల్యూమినియం. వంకరగా పట్టించి గాలి గన్నుతో బిగించేస్తే మెత్తటిది కోసుకుపోతుంది. చేత్తో ముందు నాలుగు చుట్లు తిప్పి, తర్వాత కంపెనీ చెప్పిన బలంతో టార్క్ రెంచ్ పెట్టి బిగించాలని వాళ్లకి ట్రైనింగులోనే చెప్తారట. ఆ రోజు ఎవరికో తొందర.

ఇంతవరకు జరిగితే పొరపాటు అనుకుందును. పని చేసే చోట మర పోవడం ఉంటుంది. కానీ మర పోయిందని ఆ చేసిన కుర్రాడికి తెలుసు, తెలుసు కాబట్టే పేస్టు పూశాడు, సూపర్‌వైజర్ చూడకుండా బండి గేటు దాటదు కాబట్టి ఆయనకీ తెలిసి ఉండాలి. తెలిసి మమ్మల్ని ఆ బండిలో ఎక్కించి పంపించారు. ఆయిల్ ప్రెషర్ పడిపోతే డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలుగుతుంది నిజమే, కానీ అది వెలిగేసరికే చాలా ఆలస్యం అయిపోతుంది, ఇంజన్ లోపల బేరింగులు ఎండిపోయి రాసుకోవడం మొదలవుతుంది. ఇంకాసేపు నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. మేము ఆ రోజు కూనేరు వైపు వచ్చాం కాబట్టి సరిపోయింది. అదే సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ వెళ్లేవాళ్లెవరికైనా ఆ మలుపుల మధ్య, లారీల వరుసలో, రాత్రిపూట ఇంజన్ ఆగిపోతే ఏం జరుగుతుందో ఆ రోడ్డు ఎక్కిన ప్రతివాళ్లకీ తెలుసు.

ఫోన్ చేస్తే సర్వీస్ అడ్వైజర్ ముందు బాగానే మాట్లాడాడు, బండి పట్టుకురండి చూద్దాం అన్నాడు. ఆయిల్ లేని బండిని ఎలా పట్టుకురమ్మంటారని అడిగితే టోయింగ్ ఖర్చు మీదే అన్నాడు. చివరికి నేనే బండిని టోయింగ్ వాహనం మీద ఎక్కించుకుని తీసుకెళ్లాను. అక్కడ మేనేజరు గారు చూసి చెప్పిన మాట, "మీ రోడ్లు బాగుండవు సార్, ఏదో రాయి తగిలి ఉంటుంది." ఆ రోడ్డు చాలావరకు ఆంధ్రలోనే ఉందన్న సంగతి అలా ఉంచండి. రాయి తగిలితే చాంబర్‌కి సొట్ట పడాలి, గీత పడాలి. నా చాంబర్ మీద చిన్న గీత కూడా లేదు. రాయి వచ్చి మర తెంపి, దాని చుట్టూ పేస్టు పూసి వెళ్తుందా అని అడిగాను. పేస్టు మీ ఊరి మెకానిక్ పూసి ఉంటాడన్నారు. ఆ గోతిలో దిగినప్పుడు బోల్టు తియ్యకముందే నా కొడుకు ఫోన్‌లో వీడియో తీశాడు, అది చూపించాను. అప్పుడు మాట మారింది. "డెలివరీ తీసుకునేటప్పుడు అంతా బాగుందని సంతకం పెట్టారు కదా సార్" అన్నారు. ఆ సంతకం బండి పైన గీతలు పడలేదని, స్టెప్నీ, జాకీ ఉన్నాయని పెట్టేది. ఇంజన్ అడుగున బోల్టుకి మరలు ఉన్నాయో లేవో చూసుకుని సంతకం పెట్టే కస్టమర్ ఈ దేశంలో ఎక్కడైనా ఉంటాడా?

ఆ తర్వాత వచ్చింది ఆఖరి మాట, ఈ ఉత్తరానికి కారణమైన మాట. మీరు బండి కొన్నది బరంపురంలో, ఉండేది రాయగడలో, కేసు పెట్టుకుంటే విజయనగరంలో పెట్టుకోవాలి, వాయిదా వాయిదాకి రావాలి, మీ ఇష్టం అన్నారు.

పాత చట్టంలో అది చాలావరకు నిజమే. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఎదుటి పార్టీ వ్యాపారం చేసే చోట గానీ, వివాదానికి కారణం పుట్టిన చోట గానీ ఫిర్యాదు వేయాలి. దాంతో మాలాంటి సరిహద్దు జనం దెబ్బ తిని కూడా గమ్మున ఉండేవాళ్లం. ఆ చట్టం పోయింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు, అందులో ఎక్కువ భాగం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. దాని సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారుడు తాను నివసించే చోటైనా, ఉద్యోగమో వృత్తో చేసుకునే చోటైనా జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు. అంటే విజయనగరంలో పాడైన బండికి రాయగడ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, వాళ్లే ఇక్కడికి వచ్చి జవాబు చెప్పుకోవాలి. గజపతి జిల్లావాళ్లు గజపతిలో, కోరాపుట్‌వాళ్లు కోరాపుట్‌లో. అటు మహారాష్ట్రలో సిరొంచ, కిన్వట్ వైపు ఉన్న మన తెలుగువాళ్లు తెలంగాణలో సర్వీసు చేయించుకుంటే వాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

ఖర్చు గురించి కూడా అందరూ భయపడతారు. సర్వీసుకి మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. కారు సర్వీసింగు బిల్లు 5 లక్షలు ఎవరికీ రాదు కదా. లాయరు పెట్టుకోవాలన్న నిబంధన లేదు, మన ఫిర్యాదు మనమే రాసి, అఫిడవిట్, బిల్లు, ఫోటోలు జతచేసి ఇవ్వొచ్చు. కమిషన్ ఆఫీసుకి వెళ్లి ఇవ్వొచ్చు, లేకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు. నోటీసు అందాక ఎదుటివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు, అంతకు మించి లేదు. తీర్పు 3 నెలల్లో, ఏదైనా పరీక్ష చేయించాల్సి వస్తే 5 నెలల్లో రావాలని చట్టం అంటుంది. నిజంగా అంత తొందరగా అవుతుందని నేను ఎవరికీ ఆశ పెట్టను, కానీ ఆలస్యం అవుతుందని అసలు వేయకుండా ఉండడమే వాళ్లకి కావలసింది.

ఇంకో సంగతి. బండి తీసుకునేటప్పుడు వాళ్లు పని రాసుకునే జాబ్ కార్డు వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదేదో ఉంటుంది, బండి ఓనర్ రిస్క్ మీద ఉంచబడింది, నష్టానికి సంస్థ బాధ్యత వహించదు అని. గోడ మీద బోర్డు కూడా ఉంటుంది. అది చూపించి నన్ను కూడా భయపెట్టబోయారు. దానికి జవాబు 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. ఒక వస్తువుని ఒక పని కోసం ఇంకొకరికి అప్పగిస్తే, తీసుకున్నవాడు తన సొంత వస్తువైతే మామూలు తెలివి ఉన్న మనిషి ఎంత జాగ్రత్త తీసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని సెక్షన్ 151 చెప్తుంది. ఈ ఓనర్ రిస్క్ అన్న మాట మీద 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. ఢిల్లీలో ఒక హోటల్ సిబ్బందికి పార్కింగ్ కోసం తాళాలు ఇచ్చిన కారు పోయింది. చీటీ మీద ఓనర్ రిస్క్ అని రాసుకున్నాం కదా అని హోటల్ అంటే, మీ నిర్లక్ష్యం ఉన్నప్పుడు ఆ చీటీ మిమ్మల్ని కాపాడదు అని కోర్టు చెప్పింది. తాళాలు తీసుకుని బండిని లోపలికి నడుపుకుపోయే సర్వీస్ సెంటర్‌కి కూడా ఇదే న్యాయం అని నేను నా ఫిర్యాదులో రాశాను.

మా గుణుపురం బావమరిది విషయంలో జరిగింది ఇంకా ఘోరం. షెడ్డులో కుర్రాడు రివర్స్ చేస్తూ పిల్లర్‌కి కొట్టేసి ఎడమ వెనక డోరు నొక్కేశాడు. కంగారుపడకండి సార్, ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం, మీకు పైసా ఖర్చు ఉండదు అని వాళ్లే ఫారం నింపి సంతకం పెట్టమన్నారు. అతను మంచివాడు, పెట్టేశాడు. మూడేళ్లు క్లెయిము లేకుండా ఉన్నందుకు అతనికి సొంత బండి నష్టం కోసం కట్టే ప్రీమియంలో 35 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, వస్తోంది. ఈ ఒక్క క్లెయిముతో అది సున్నా అయిపోయింది. వచ్చే ఏడు రెన్యువల్ కాగితం వచ్చేదాకా అతనికి ఆ సంగతి తెలియదు. ఇంకా ఏళ్లు గడిచి 50 శాతం దాకా పెరగాల్సిన బోనసు, వాళ్ల కుర్రాడు చేసిన పనికి మళ్లీ మొదటికొచ్చింది. పైగా ఆ ఫారంలో ప్రమాదం జరిగినప్పుడు బండి ఎవరు నడుపుతున్నారన్న గడి ఉంటుంది. అందులో అతని పేరే రాశారు! అబద్ధం రాసిన క్లెయిము బయటపడితే పోయేది పాలసీ ఉన్నవాడి మాటే గానీ షెడ్డువాళ్లది కాదు. తమ దగ్గరున్న కస్టమర్ల బళ్లకి జరిగే నష్టం కోసం వర్క్‌షాపులు తీసుకోవడానికి మోటార్ ట్రేడ్ పాలసీలు వేరే ఉన్నాయి. వాళ్ల నష్టం వాళ్ల పాలసీలో చూసుకోవాలి, లేదా జేబులోంచి కట్టుకోవాలి. దయచేసి ఎవరూ తమ ఇన్సూరెన్స్ ఫారం మీద సంతకం పెట్టొద్దు. నా బండి విషయంలో అయితే అసలు ఆ దారే లేదు, ఎందుకంటే మామూలు పాలసీల్లో మెకానికల్ బ్రేక్‌డౌన్ కవర్ కాదు.

సాక్ష్యం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే చాలామంది కేసు చెడిపోతోంది. బండి పాడైందని తెలియగానే మనకి టెన్షన్, ముందు బాగైపోతే చాలని దగ్గర్లో ఉన్న షెడ్డులో విప్పించేస్తాం. విప్పిన తర్వాత ఏం చూపిస్తాం? ముట్టుకోకముందే ఫోటోలు, వీడియో తీయించండి, కిలోమీటర్ల రీడింగు కనిపించేలా తీయించండి, ఎందుకంటే జాబ్ కార్డులో వాళ్లు రాసుకున్న రీడింగుకీ దీనికీ ఎంత తేడా ఉందో అదే చెప్తుంది. తీసిన పార్టు పారేయొద్దు. మా మేస్త్రీని కాగితం మీద రాసివ్వమంటే భయపడ్డాడు, పాపం ఆయన్ని తప్పుపట్టను, పెద్ద కంపెనీతో నాకెందుకు బాబూ అన్నాడు. అలాంటప్పుడు అదే కంపెనీకి చెందిన ఇంకో ఊరి సర్వీస్ సెంటర్‌లో చూపించి ఎస్టిమేట్ తీసుకోండి, అందులో ఏ పార్టు ఎందుకు మార్చాలో రాస్తారు, ఆ కాగితం చాలా బలంగా పనికొస్తుంది. లేకపోతే బళ్ల నష్టం అంచనా వేసే, లైసెన్సు ఉన్న మోటార్ సర్వేయర్‌కి ఫీజు ఇచ్చి రిపోర్టు రాయించుకోవచ్చు. బిల్లు ఇవ్వని చిన్న షెడ్డు అయితే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టిన వివరమైనా ఉంచుకోండి. వాళ్లతో ఫోన్‌లో ఎంత మాట్లాడినా, ఆ మాటలన్నీ అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపండి.

బిల్లు విషయంలో తగాదా ఉన్నప్పుడు ఇంకో జాగ్రత్త. డబ్బు కట్టను ఫో అని మొండికేస్తే బండి లోపలే ఉండిపోతుంది. చేసిన పనికి డబ్బు రాకపోతే వస్తువుని ఆపుకునే హక్కు అదే కాంట్రాక్టు చట్టం వాళ్లకి ఇచ్చింది. అందుకని బిల్లు మీద "అభ్యంతరంతో కడుతున్నాను" అని కారణంతో సహా రాసి, సంతకం పెట్టి, దాని ఫోటో తీసుకుని కట్టేసి బండి బయటికి తెచ్చుకోవడం మేలు.

బండి తెచ్చుకున్న రెండు మూడు రోజులకి కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫోన్ వస్తుంది. దాని గురించి అడ్వైజర్లు ముందే బతిమాలతారు, "సార్, పదికి పది ఇవ్వండి సార్, తక్కువ ఇస్తే నాకు ఇబ్బంది" అని. ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు, జీతాలు తక్కువ, టార్గెట్లు ఎక్కువ. కానీ బండి బాగోలేనప్పుడు పదికి పది అని చెప్తే, రేపు కమిషన్‌లో అదే రికార్డు మనకి అడ్డం వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నాకు ఆ ఫోన్ వచ్చినప్పుడు జరిగినదంతా చెప్పి, చెప్పింది నమోదు చేసుకున్నట్టు మెసేజ్ పంపించమన్నాను.

నాకు మెకానిక్కుల మీద గౌరవం లేక ఇదంతా రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. సాలూరు లారీలకి ఎంత పేరో తెలిసిందే, అక్కడి మేస్త్రీలు చప్పుడు విని జబ్బు చెప్పేస్తారు. మా కొండల్లో తిరిగే లారీలు, జీపులు వాళ్ల చేతుల మీదే బతుకుతున్నాయి. చిన్న షెడ్డులో పని చేసే మనిషి పొరపాటు చేస్తే "అయ్యో, ఇది నా చేతిలో పోయింది బాబూ, నేనే వేసిస్తాను" అంటాడు. మాకు చాలాసార్లు అలా అన్నవాళ్లు ఉన్నారు. ఆ మాట ఏసీ హాలు, సోఫాలు, కాఫీ మెషిను ఉన్న చోట ఎందుకు రాదు? మనం ఎక్కువ డబ్బిచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లేది, పొరపాటు జరిగితే బాధ్యత తీసుకునే పేరు ఒకటి వెనకుందనే కదా.

నా విషయం ఎంతవరకు వచ్చిందో కూడా చెప్పాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడాను. వాళ్లు కోర్టు కాదు, ఆర్డర్లు ఇవ్వలేరు, కానీ ఫిర్యాదు నమోదు చేసి కంపెనీకి పంపిస్తారు. కారు కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా వీడియోతో సహా మెయిల్ పెట్టాను. అంతవరకు రాయి తగిలిందన్న మేనేజరు గారు ఆ తర్వాత తానే ఫోన్ చేసి, గుడ్‌విల్ కింద చాంబర్ కొత్తది వేసిస్తామన్నారు. వేశారు. అయితే చేసిన తప్పు ఒప్పుకుంటూ ఒక్క ముక్క రాసివ్వమంటే ఇవ్వలేదు. టోయింగ్ ఖర్చు ఇవ్వలేదు. ఆయిల్ తగ్గిన ఇంజన్‌ని అంత దూరం నడిపినందుకు లోపల ఏమైనా దెబ్బ తిందో లేదో విప్పి చూడమంటే ఆ ఖర్చు నన్నే పెట్టుకోమన్నారు. ఇప్పుడు బండి నడుస్తోంది కానీ ఘాటీ ఎక్కేటప్పుడు ఇంతకు ముందు లేని సన్నటి చప్పుడు వస్తోంది. అందుకే రాయగడ కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. ఇంజన్ పరీక్ష, టోయింగ్ డబ్బు, నా కుటుంబాన్ని ప్రమాదంలో పెట్టినందుకు పరిహారం అడిగాను. నోటీసు వాళ్లకి అందింది. రాయగడ నుంచి నోటీసు వస్తుందని వాళ్లు అనుకోలేదని అక్కడ పనిచేసే ఒకాయన చెప్పాడు.

పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వైపు సర్వీస్ సెంటర్లు నడిపే పెద్దలకి మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. జాబ్ కార్డు కాపీ కస్టమర్‌కి తెలుగులో ఇవ్వండి. తీసేసిన పాత పార్టులు, కొత్త వాషర్ బిల్లులో ఉంటే పాత వాషర్‌తో సహా, అడగకముందే చూపించండి. దూరం వెళ్లే బండి అయితే గేటు దాటే ముందు ర్యాంపు మీద ఎక్కించి ఓనర్‌కి అడుగుభాగం చూపించడానికి ఎంతసేపు పడుతుంది? పని చేసేటప్పుడు ఏదైనా పాడైతే ముందే చెప్పండి, చాంబర్ వచ్చేదాకా బండి మీ దగ్గరే ఉంచుకోమంటే మేము కాదనం, బస్సెక్కి వెళ్లిపోతాం. అలాగే రెండు రాష్ట్రాల జిల్లా అధికారులు సర్వీస్ సెంటర్ల రిసెప్షన్‌లో 1915 నంబరు, ఉన్న ఊళ్లోనే ఫిర్యాదు చేసుకోవచ్చన్న సంగతి తెలుగు, ఒడియా రెండు భాషల్లో బోర్డు పెట్టించాలి. మీరు కూడా మీ సరిహద్దు జిల్లాల పేజీలో ఒకసారి వివరంగా వేస్తే చాలామందికి ఉపయోగం.

ఫిర్యాదు వేయడానికి గడువు నష్టం జరిగిన దగ్గర్నుంచి 2 ఏళ్లు. రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల్లో ఇలా నష్టపోయి ఊరుకున్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే పాత బిల్లు తీసి తేదీ చూసుకోండి. గడువు దాటకపోతే మీ జిల్లా కమిషన్‌లో ఇప్పుడైనా వేయొచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాయగడ, ఒడిశా